అంగడి వారానికి ఒక్కరోజు, ఎస్టీపీకి ఆకలి రోజూ

"పశువుల అంగట్ల ఎస్టీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్, పెట్టిన్రు, అయినా నీళ్లు నల్లగనే వస్తున్నయ్, వాసన పోతలేదు. మెషీన్లే బాగలేవు." ఈ మాట వినీ వినీ విసుగొస్తది. చాలాసార్లు మెషీన్లది తప్పు కాదు, లెక్కది.

పెబ్బేరు లాంటి అంగడి చూడండి. శనివారం కిక్కిరిసిపోతది, ఆదివారానికి ఖాళీ. ఎస్టీపీల అసలు పని చేసేది గాలి ఊదే బ్లోయర్ కాదు, మురికిని తినే సూక్ష్మజీవులు. వాటిని ఒక పాడి బర్రె అనుకోండి. ఏడు రోజుల మేత శనివారమే ముందట కుప్పబోసి, శుక్రవారం దాకా పస్తులుంచితే పాలిస్తదా? కడుపుబ్బి పంటది. ట్యాంకుల కూడా అంతే. శనివారం ఒక్కసారే లోడు పడి నీళ్లల్ల ఆక్సిజన్ సున్నాకు దిగుతది, నలుపూ కంపూ అందుకే. తర్వాత ఆరు రోజులు తిండి లేక చాలా జీవులు చచ్చి, బురదై పైకి తేలి బయటికి పోతయ్. మళ్ల శనివారం వచ్చేసరికి బర్రె బక్కచిక్కి ఉంటది.

[స్క్రీన్ మీద లెక్క]

అంగడి రోజు 40 వేల లీటర్ల కడుగునీళ్లు వస్తయ్ అనుకుందాం. టెండర్ల వెంటనే "40 కేఎల్‌డీ ప్లాంట్" అని రాస్తరు, అంటే రోజుకు 40 వేల లీటర్లు శుద్ధి చేసేది. డబ్బు దండుగ. 50 వేల లీటర్ల ఈక్వలైజేషన్ ట్యాంక్, అంటే నీళ్లు ఆపిపెట్టి కొంచెం కొంచెం వదిలే ట్యాంక్, కట్టి, అందుల నుంచి రోజుకు 6 వేల లీటర్లే పంపండి, ప్లాంట్ 6 కేఎల్‌డీదే సరిపోతది. అంటే గంటకు 250 లీటర్లు. అంత చిన్న పంపు పెడితే గడ్డి పీచు చుట్టుకొని రెండు రోజుల్ల జామ్ అయితది. గంటకు 3 వేల లీటర్లు తోడే, పీచును కోసే కట్టర్ పంపు తీసుకొని, టైమర్ మీద గంటకు 5 నిమిషాలు నడపండి. బర్రెకు పూటపూటకు మేత అందినట్టు.

ఆ ట్యాంకుల నీళ్లు వారమంతా కదలకుంటే కుళ్లుతయ్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషపు గాలి పుడతది. అడుగున గాలి పైపులు వేయాలె, పెద్ద బుడగలవి. సన్న బుడగల డిఫ్యూజర్లు పెండ పీచుతోని పూడుకపోతయ్. శుభ్రం చేద్దామని మనిషిని లోపలికి దింపొద్దు, ఆ విషపు గాలికి ప్రాణాలు పోతయ్.

అంతకన్నా ముందు ఒక మాట. పెండను పైపు పెట్టి నీళ్లతోని మోరీలకు కొట్టడం ఆపాలె. ముందు పారతోని గీకి, బండ్ల మీద ఎరువు దిబ్బకు చేర్చాలె, ఆ తర్వాతే నీళ్లు. పైపు చివర ట్రిగ్గర్ గన్ ఉండాలె, వదిలేస్తే ఆగేది. ప్లాంట్ ఎంత మంచిదైనా ఈ గీకుడును మించింది లేదు, కానీ ప్రారంభోత్సవానికి ఎవరూ పార పట్టుకొని ఫొటో దిగరు కదా! మోరీల 20 మిల్లీమీటర్ల జాలి, దాని వెనక 5 మిల్లీమీటర్లది, ఆ తర్వాత ఇసుక దిగే గుంత. అంగడి రోజు గంటకోసారి జాలి గోకాలె.

ఇంకోటి, ఫినాయిల్. అంగడి ముగిసినంక బకెట్లకొద్దీ చల్లి అదే మోరీల కడుగుతరు. మేతల విషం కలిపినట్టే. గాలికుంటు రాకుండ బండ్ల చక్రాలకు 4 శాతం వాషింగ్ సోడా, అంటే 100 లీటర్లకు 4 కిలోలు, వాడండి, మంచిదే. కానీ ఆ నీళ్లకు వేరే గుంత ఉండాలె.

పటిక, సున్నం వేసి తాగునీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి మన దగ్గర తెలిసిందే కాబట్టి "పటిక వేస్తే సాఫైతది కదా" అంటరు. పటిక తేలే మురికిని దింపుతది. ఉచ్చల నుంచి వచ్చే అమ్మోనియాను ముట్టుకోదు.

టైమ్ అయిపోతుంది, మిగతాది జల్దీ చెప్తా. సూక్ష్మజీవులు పనిచేసే ట్యాంకుల (దాన్నే ఎంబీబీఆర్ అంటరు) అవి అంటుకొని పెరిగే ప్లాస్టిక్ ముక్కలు 40 శాతం నింపండి, ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గొద్దు. మొదట్ల మున్సిపల్ ఎస్టీపీ నుంచి బతికున్న బురద తెచ్చి పోయండి. ఆ తర్వాత బురద అడుగుకు దిగే క్లారిఫైయర్, ఇసుక ఫిల్టర్, క్లోరిన్. అమ్మోనియా మిగిలుంటే క్లోరిన్‌ను అదే మింగుతది, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్. బ్లీచింగ్ ఎంత వేసినా పనిచేస్తలేదు అంటే సంగతి ఇదే.

వచ్చిన నీళ్లు గచ్చు మొదటి కడుగుడుకు, దుమ్ము అణచడానికి, చెట్లకు. పశువులు తాగే తొట్లకు మాత్రం వద్దు, ఫ్లోరైడ్, ఉప్పు ఈ ప్లాంట్‌ల పోవు. ఈ నీళ్ల పైపు రంగే వేరే పెట్టండి. శుక్రవారం రాత్రికి ఈక్వలైజేషన్ ట్యాంక్ ఖాళీ కాకుంటే, టైమర్ 5 నిమిషాల నుంచి 6కు పెంచండి.