పెప్సీని బతికించిన పెద్ద సీసా

అందరికీ నమస్కారం. ఇవాళ పెప్సీ రుచి గురించి నేనేమీ చెప్పను, సీసా గురించి చెప్తాను. ఆ కంపెనీని నిలబెట్టింది సీసానే అని నా నమ్మకం.

1893లో అమెరికాలోని నార్త్ కరోలినాలో, న్యూ బెర్న్ అనే ఊళ్లో కేలబ్ బ్రాడ్‌హామ్ అనే మందుల షాపాయన సోడా కౌంటర్లో ఒక డ్రింకు కలిపి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట 'బ్రాడ్స్ డ్రింక్' అని తన పేరే పెట్టుకుని, 1898లో పెప్సీ-కోలాగా మార్చాడు. డిస్పెప్సియా అంటే అజీర్తి, దాంట్లోంచి వచ్చిందీ పేరు. అజీర్తి పేరుతో ఇంతగా అమ్ముడుపోయిన సరుకు ఇంకోటి ఉంటే మీరే చెప్పాలి! 1902లో కంపెనీ పెట్టాడు, వ్యాపారం బాగానే సాగింది.

దెబ్బ కొట్టింది చక్కెర. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక చక్కెర ధర చుక్కలనంటితే, ఇంకా పెరుగుతుందేమోనన్న టెన్షన్‌తో బ్రాడ్‌హామ్ ఆ రేటుకే బోలెడంత కొనిపెట్టుకున్నాడు, ఆ తర్వాత ధర కాస్తా ఢమాలున పడిపోయింది. 1923లో దివాలా. ఆయన మళ్లీ మందుల షాపుకే వెళ్లిపోయాడు. తర్వాత నడిపినవాళ్లూ 1931లో చేతులెత్తేశారు.

అప్పుడొచ్చాడు చార్లెస్ గూత్, న్యూయార్క్‌లో లాఫ్ట్ అనే మిఠాయి కంపెనీ ప్రెసిడెంటు. మా షాపుల్లో ఇంత అమ్ముతున్నాం, కాస్త రేటు తగ్గించండి అంటే కోకాకోలా వాళ్లు కుదరదన్నారు. ఒళ్లుమండి పెప్సీని కొనేశాడు.

కోక్ సీసాలో పట్టేది ఆరున్నర ఔన్సులు, అంటే దాదాపు 190 మిల్లీలీటర్లు. గూత్ 12 ఔన్సుల సీసాలు పట్టాడు, అందులో వాడేసిన బీరు సీసాలు కూడా ఉన్నాయి. ధర పది సెంట్లు పెడితే ఎవరూ పెద్దగా కొనలేదు. దాన్నే అయిదు సెంట్లకిచ్చాడు, కోక్ ధరకే, దాదాపు రెట్టింపు డ్రింకు. పిచ్చి పనిలా కనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి: ఇంకాస్త నీళ్లు, ఇంకాస్త సిరప్ పోస్తే పెరిగే ఖర్చు తక్కువే. సీసా, మూత, లారీ, కూలీ, వీటి ఖర్చు మాత్రం ఎలాగూ తప్పదు. పైగా మాంద్యం రోజులు, జేబులో ఒక్క నాణెం ఉన్నవాడు ఏ సీసా తీసుకుంటాడు?

అసలు మలుపు ఇక్కడుంది. గూత్ ఇదంతా లాఫ్ట్ డబ్బుతో, లాఫ్ట్ మనుషులతో చేయించి, లాభాన్ని మాత్రం తన ఖాతాలో వేసుకున్నాడు. లాఫ్ట్ కోర్టుకెళ్లింది. 1939లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు పెప్సీ వాటాలు లాఫ్ట్‌కే చెందుతాయని తేల్చింది. కంపెనీ లా చదివేవాళ్లకి ఈ కేసు ఇప్పటికీ తప్పదు. గెలిచిన లాఫ్ట్ 1941లో పెప్సీని తనలో కలిపేసుకుని, తన పాత పేరు తీసేసి పెప్సీ-కోలా కంపెనీ అని పెట్టుకుంది.