పుట్టుక ఎంత శాతం, శ్రమ ఎంత శాతం? మిరప పొలంలో ఒక సమాధానం

నమస్కారం. విజయవాడలో ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసిన ప్రతిచోటా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "విజయంలో పుట్టుకతో వచ్చిన తెలివి ఎంత శాతం, కష్టం ఎంత శాతం?" ఒకరు డెబ్బై అంటారు, మరొకరు ముప్పై అంటారు. అంకె ఏదైనా, దాన్ని ఒక పిల్లవాడికి అంటగట్టడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది. అందుకే ఈ ప్రశ్నను గుంటూరు మిరప పొలంలోకి తీసుకువెళుతున్నాను. ఈ ఉపమానం నా సొంతం కాదు. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో మొక్కజొన్నతో చెప్పినదాన్ని మిరపకు మార్చుకున్నాను.

[తెరపై: పక్కపక్కనే రెండు మిరప పొలాలు]

మొదటి పొలమంతా ఒకే రకం తేజ విత్తనం వేశామనుకుందాం. సగం నల్లరేగడి, దానికి కాలువ నీరు. మిగతా సగం చౌడు నేల, దానికి వాన నీరే దిక్కు. కోతకు వచ్చేసరికి కాపులో కనిపించే తేడా అంతా నేలదీ నీటిదీ. రెండో పొలంలో నాలుగైదు రకాల విత్తనాలు కలిపి వేసి, ప్రతి మొక్కకూ ఒకే నేల, ఒకే నీరు, ఒకే ఎరువు అందించాం. ఇక్కడ మొక్కకూ మొక్కకూ మధ్య తేడా అంతా విత్తనానిదే. శాస్త్రవేత్తలు లెక్కించే వారసత్వ శాతం ఈ తేడాలో విత్తనానికి దక్కే వాటా మాత్రమే: మొదటి పొలంలో సున్నా, రెండో పొలంలో నూరు. అంతేగాని, ఒక మొక్కను చూపించి, దీని కాయల్లో ఎన్ని విత్తనం వల్ల వచ్చాయి, ఎన్ని నీటి వల్ల వచ్చాయి అని అడిగితే దానికి జవాబు లేదు.

ఇప్పుడు రెండో పొలానికి నీరు సగానికి తగ్గించండి. మిర్చి యార్డుకు వెళ్లే టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య పడిపోతుంది, అయినా మొక్కల మధ్య తేడాలో విత్తనం వాటా నూరు శాతంగానే ఉంటుంది. మనుషుల ఎత్తులోనూ ఇదే జరిగింది. తిండికి లోటు లేని సమాజాల్లో ఎత్తు తేడాలలో సుమారు 80 శాతం వారసత్వానిదే. అయినా దక్షిణ కొరియాలో 1996లో పుట్టిన స్త్రీలు 1896లో పుట్టినవారి కంటే సగటున 20 సెంటీమీటర్లు ఎక్కువ పొడవు పెరిగారు. మారింది విత్తనం కాదు, నీరు.

మన హాస్టళ్లను ఈ రెండో పొలంగా చూడండి. అందరినీ ఒకే వేళకు లేపి, ఒకే పుస్తకం ముందు అన్నే గంటలు కూర్చోబెడితే, ర్యాంకుల తేడాకు ఆ గంటలు కారణం కాలేవు, ఎందుకంటే గంటల్లో తేడానే మిగల్లేదు. అది చూసి "వాడి బుర్రే అంత" అని తేల్చేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. చదువు పనిచేయడం లేదని కాదు, అది అందరికీ సమానంగా అందుతున్నది.

అయితే శ్రమను పుట్టుకకు పూర్తిగా బయట నిలబెట్టడమూ కుదరదు. వేరు లోతుకు దిగి తడిని వెతుక్కునే గుణం కొంత విత్తనంలోనే ఉన్నట్లు, పట్టుదలగా పనిచేసే స్వభావంలో కనిపించే తేడాలకు కూడా కొంతమేర వారసత్వం కారణమని కవలల అధ్యయనాలు చూపించాయి. కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. స్వయంగా చదరంగం ఆడే తండ్రి అశోక్ అధ్యాపక ఉద్యోగం మానుకుని ఆమెకు శిక్షణ ఇచ్చారు. విత్తనం వచ్చిన ఇంటి నుంచే నీరూ వచ్చిన ఆ కథలో ఏది ఎంత అని విడదీయడం ఎలా?

సమయం అయిపోవస్తున్నది కనుక రెండు విషయాలు త్వరగా చెబుతాను. పదివేల గంటల సూత్రం అని ప్రచారమైనది బెర్లిన్ వయొలిన్ విద్యార్థులపై 1993లో వెలువడిన పరిశోధనలోని ఒక సగటు మాత్రమే. అన్ని గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారని అది చెప్పలేదు. రెండోది, అదృష్టం. 2021లో నల్ల తామర పురుగు మన మిరప మీద పడినప్పుడు మంచి విత్తనమూ మంచి సాగూ ఉన్న పొలాలు కూడా దెబ్బతిన్నాయి. ఆ రైతుల నష్టాన్ని ఈ రెండు పద్దుల్లో దేని కిందా రాయలేము.

కవలలను పోల్చి ఈ శాతాలను ఎలా లెక్కిస్తారో వచ్చే వీడియోలో, ఇదే పొలంలో నిలబడి చెబుతాను.