నలుపు చూసి కొనకండి

వ్యాఖ్యాత: మొదటి ఫోను చినగంజాం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా ఆయన ఉప్పు మడుల్లో పని చేస్తారు. తిరునాళ్లలో 150 రూపాయలకు కూలింగ్ గ్లాసులు కొన్నారు. పెట్టుకుంటే హాయిగానే ఉందంటారు గానీ, సాయంత్రానికి కళ్ళు ఎర్రబడుతున్నాయి. ఇంకా నల్లటివి కొనమంటారా?

డాక్టరు: నలుపు చూసి కొనకండమ్మా. రంగు వెలుతురును తగ్గిస్తుంది, అంతే. హాని చేసే అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు. వాటిని ఆపే గుణం లేని నల్లద్దం పెడితే, చీకటి పడిందనుకుని కంటిపాప విచ్చుకుంటుంది. తలుపు బార్లా తీసి దొంగను పిలిచినట్టే.

శ్రోత: అయ్యో! మరి ఎలా తెలుస్తుందండీ?

డాక్టరు: కొన్ని కళ్ళద్దాల దుకాణాల్లో చిన్న మీటరు ఉంటుంది. నిమిషంలో చూసి చెప్పేస్తారు. కొత్తవి కొంటే ‘యూవీ 400’ ఉన్నవి అడగండి. యూవీ అంటే ఈ అతినీలలోహిత కిరణాలే; 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు వాటిని ఆపుతాయని దాని అర్థం. స్టిక్కరు ఎవరైనా అంటించగలరు కనుక బిల్లు ఇచ్చేచోటే కొనండి. ఖరీదైనవే కావాలని లేదు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ అద్దం రంగు లేకపోయినా ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది.

శ్రోత: ఉప్పు మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుందంటారండీ.

డాక్టరు: నిజమే. అందుకే చెంపల వైపు కూడా మూసుకునే ఫ్రేము తీసుకోండి, పైన అంచు టోపీ ఉండాలి. నీటి మెరుపుకు పోలరైజ్డ్ అద్దాలు బాగుంటాయి. అయితే మెరుపు తగ్గించడం వేరు, కిరణాలను ఆపడం వేరు. రెండూ ఉన్నాయా అని అడగండి. అవునూ, ఆయన కంట్లో ముక్కు వైపు మూల నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకుతోందా?

శ్రోత: ఎడమ కంట్లో కొంచెం ఉందండీ.

డాక్టరు: ఎండలో, గాలి దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసేవారికి అది వస్తుంటుంది. అద్దాలు దాన్ని కరిగించలేవు. కంటి వైద్యుడికి చూపించండి. మందుల దుకాణంలో అడిగి చుక్కలు మాత్రం వేయకండి. స్టెరాయిడ్ చుక్కలైతే కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి లారీ డ్రైవరు గారు.

శ్రోత: రాత్రిపూట ఎదురు లైట్లకు పసుపు అద్దాలు పెట్టుకోవచ్చా అండీ?

డాక్టరు: వద్దు. రంగద్దం ఏదైనా ఉన్న కాస్త వెలుతురునూ మింగేస్తుంది. పగలు కూడా ‘కేటగిరీ 4’ అని ఉన్నవి పెట్టుకుని బండి నడపకూడదు, మరీ చీకటి. మీ వయసెంత?

శ్రోత: 52 అండీ. లైట్ల చుట్టూ వెలుగు చెదిరినట్టు కనిపిస్తోంది.

డాక్టరు: శుక్లం మొదలైనా అలా ఉంటుంది. పరీక్ష చేయించుకోండి.

శ్రోత: ఈ లోడు దింపి వచ్చాక వెళ్తానండీ.

డాక్టరు: దింపాక కాదు, బండి ఎక్కకముందే వెళ్ళండి.