గజాలు, అడుగులు, మిల్లీమీటర్లు: వాననీటి లెక్క

అందరికీ నమస్కారం. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ రేటింగ్‌లో అన్నిటికంటే పైదైన ప్లాటినం, అమెరికా బయట మొట్టమొదటగా దక్కింది మన హైదరాబాద్‌లోని సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే, 2003లో. కాబట్టి గ్రీన్ బిల్డింగ్ గొప్పతనం మీకు చెప్పనక్కర్లేదు. చిక్కల్లా వాననీటి లెక్కల దగ్గరే.

స్థలం గజాల్లో కొంటాం. శ్లాబు చదరపు అడుగుల్లో చెప్తాం. వాన మిల్లీమీటర్లలో కురుస్తుంది, పేపర్లోకొచ్చేసరికి సెంటీమీటర్లవుతుంది. సంపు లీటర్లలో కడతాం. ఇవన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో పడేస్తే ఏదో ఒక అంకె వస్తుంది, రాకుండా పోదు!

చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. అందుకే ముందు విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలోకి తెచ్చేయండి. గజాలైతే 0.836తో గుణించండి, అడుగులైతే 10.764తో భాగించండి.

1,500 చదరపు అడుగుల శ్లాబు తీసుకుందాం. అంటే సుమారు 139 చదరపు మీటర్లు. 60 మిల్లీమీటర్ల వాన, శ్లాబు రన్‌ఆఫ్ గుణకం (పడిన వానలో పారి వచ్చే వంతు) 0.95 అనుకుంటే దాదాపు 7,900 లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకరుతో పోలిస్తే ఒకటిన్నర పైచిలుకు. అడుగుల్ని మార్చకుండా గుణిస్తే 85,500 వస్తుంది. ఆ నీళ్లు ఇంకడానికి అంత గుంత తవ్వాలంటే కారు పార్కింగ్ కూడా మిగలదు.

గుంతలోనూ ఒక కిటుకుంది. ఎనిమిది ఘనపు మీటర్లు తవ్వి నిండా కంకర పోస్తే, నీళ్లు నిలిచేది రాళ్ల సందుల్లోనే. సందులు 40 శాతం అనుకున్నా 3,200 లీటర్లే. రిపోర్టులో మాత్రం చాలామంది ఎనిమిది వేలని రాసేస్తారు. ఇది నాకు అసలు నచ్చదు.

డ్రెయిన్ పైపుకు కావాల్సింది మొత్తం నీళ్లు కాదు, సెకనుకు ఎన్ని వస్తాయన్నది. గుణకం, వాన తీవ్రత, విస్తీర్ణం గుణించే సూత్రం అందరూ చదివిందే. గంటకు అంగుళాలు, ఎకరాలు పెడితే సెకనుకు ఘనపుటడుగులు నేరుగా వస్తాయి, మార్పిడి 1.008 కాబట్టి అమెరికా పుస్తకాల్లో దాన్ని వదిలేస్తారు. మనం గంటకు మిల్లీమీటర్లు, హెక్టార్లు పెట్టి సెకనుకు ఘనపు మీటర్లు కావాలంటే 360తో భాగించాలి. హెక్టారు శ్లాబు మీద, అదే 0.95 గుణకంతో, గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున కురిస్తే సెకనుకు 158 లీటర్లు.

ఇక మీ షీట్లు తెరవండి. ముందు విస్తీర్ణం కాలమ్ చూద్దాం.