డ్రమ్ములో చేరిన నీళ్ళు

(పాలకొల్లు దగ్గర ఐటీఐ విద్యార్థుల ముందు ఒక మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

మాస్టార్లకు నమస్కారమండి. తమ్ముళ్ళూ, నేను చదివింది టెన్త్ వరకే. ఆ తర్వాతదంతా షెడ్డులోనే. అందుకే బోర్డు జోలికి పోకుండా, విప్పిన సామాన్లు బస్తాలో వేసుకొచ్చాను.

షెడ్డుకొచ్చే కుర్రాళ్ళంతా ఒకటే అడుగుతారు: "బాబాయ్, డిస్కు బ్రేకు మంచిదా, డ్రమ్ము బ్రేకా?" డిస్కేనని నా నోటితో అనిపించాలని వాళ్ళ సరదా. "బండి ఎక్కడ తిప్పుతావురా?" అని నేను తిరిగి అడుగుతాను.

బ్రేకు పనల్లా వేగాన్ని వేడిగా మార్చడమే. వెయ్యి కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టే వేడి 200 కిలోజౌళ్ళు. దాంతో అర లీటరు నీళ్ళు మరగబెట్టి టీ పెట్టుకోవచ్చు. అదే కారు 36 నుంచి ఆగితే పుట్టేది అందులో పావు వంతే. ఆ వేడి ఎటు పోతుందన్న దగ్గర డ్రమ్మూ డిస్కూ దారులు వేరవుతాయి.

డ్రమ్ము అంటే మూతేసిన గిన్నె. లోపల రెండు షూలు విచ్చుకుని గోడను రాసుకుంటాయి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. షూ మీద అతికించిన రాపిడి పట్టీ, అదే లైనర్, అది కూడా పట్టు వదులుతుంది. మారేడుమిల్లి ఘాట్‌ను తక్కువ గేరులో కాకుండా బ్రేకు మీదే కాలేసి దిగే డ్రైవరుకు ముచ్చెమటలు పట్టేది ఇందుకే. డిస్కు గాలిలో తిరిగే పళ్ళెం. రెండు వైపులా ప్యాడ్లు దాన్ని నొక్కిపడతాయి. వేడెక్కి లావైనా ఆ ప్యాడ్ల వైపే వస్తుంది. 1953లో లె మాన్ 24 గంటల రేసును జాగ్వార్ సి-టైప్ డిస్కు బ్రేకులతోనే గెలిచింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కారుకు ముందు చక్రాలకు డిస్కులే.

బాగానే ఉంది. కానీ మనకు ఘాట్లెక్కడివి? రావులపాలెం నుంచి అంతర్వేది దాకా వెళ్ళండి, ఎత్తంటే వంతెనలే. మన బాధంతా నీళ్ళతో.

కుర్రతనంలో ఒకసారి వరద రోజుల్లో మోపెడ్ మీద కొబ్బరికాయల బస్తాతో లంక కాజ్‌వే దాటాను. చక్రం ఇరుసు మునిగేంత నీళ్ళు. గట్టెక్కాను కదా అని హుషారుగా పోతుంటే మలుపొచ్చింది. బ్రేకు పట్టాను. సబ్బు రాసినట్టు జారింది తప్ప ఆగలేదు. బండీ నేనూ బస్తా కాలవలో, గుర్రపుడెక్క మధ్యలో. కాయలు తేలతాయి కాబట్టి దొరికాయి. నా చెప్పులు మాత్రం పోయాయి. డ్రమ్ములో చేరిన నీళ్ళు ఓ పట్టాన బయటికి రావు. నీళ్ళు దాటగానే నెమ్మదిగా పోతూ బ్రేకు కాస్త కాస్త నొక్కుతుంటే ఆ రాపిడి వేడికి లైనర్ ఆరుతుంది. డిస్కయితే తిరుగుతూనే నీళ్ళు విదిలించేస్తుంది, మిగిలిన తడిని ప్యాడ్లు తుడిచేస్తాయి.

అయితే డిస్కు గెలిచినట్టేనా? ఇదిగో, ప్యాడ్లను డిస్కుకు నొక్కే ఈ క్యాలిపర్ చూడండి. రొయ్యల చెరువుల మీద తిరిగే బండిది. ఉప్పునీటి తుప్పుకు, క్యాలిపర్ అటూ ఇటూ జరగాల్సిన పిన్నులు బిగుసుకుపోయాయి. ఒక ప్యాడ్ ఇంకా మందంగా ఉంది, రెండోది ఇనుము తేలిపోయింది. ఆ ఇనుము డిస్కును చెక్కేసింది. పిన్నులు తీసి, తుడిచి, గ్రీజు పెట్టి ఉంటే ఈ ఖర్చు తప్పేది. బ్రేక్ ఆయిలూ అంతే, గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరగాలంటే కనీసం 205 డిగ్రీలు కావాలి. తేమ పట్టాక 140కే మరిగే పరిస్థితి రావచ్చు. మరిగిందంటే బుడగలొచ్చి బ్రేకు పట్టదు. మన ఉక్కకు రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

డ్రమ్ముకు ఒక గడుసుతనం ఉంది. తలుపు కింద చెక్కముక్క పెట్టారనుకోండి, తలుపు నెట్టేకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. తిరిగే డ్రమ్ము కూడా ముందు షూను అలాగే తనలోకి లాక్కుంటుంది. అందుకే ఉత్త కేబుల్‌తో, వేళ్ళ బలంతో బండి ఆగుతుంది. డిస్కుకు ఆ సుఖం లేదు, కార్లలో ఇంజన్ సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి. ఇంజన్ ఆగిన కారును తాడు కట్టి లాగేటప్పుడు ఒకటి రెండు నొక్కుళ్ళ తర్వాత పెడల్ రాయిలా అయిపోయేది అందుకే.

ముందు డిస్కు, వెనక డ్రమ్ము పెడితే కంపెనీ పిసినారితనం అంటారు. బస్సు బ్రేకేస్తే నిలబడ్డవాళ్ళంతా ఎటు తూలుతారు? బండి బరువూ అటే పోతుంది. ముందు చక్రానిదే పెద్ద పని, వెనక డ్రమ్ము చాలు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు, చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ అంటే వెనక బ్రేకు నొక్కినా ముందుది కూడా పడుతుంది. డ్రమ్ములతోనూ పనిచేస్తుంది. సంతకు కూరగాయలు తెచ్చుకునే ఆయనకు నేనైతే అదే చాలంటాను.

సరే, ఈ మోపెడ్ చక్రం విప్పుదాం. ఆగు తమ్ముడూ, లోపలి దుమ్మును నోటితో ఊదకు, గాలి పైపు కూడా పెట్టకు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు చేటు. ఆ బకెట్లో తడిగుడ్డ ఉంది, ఇలా అందుకో.