షాఫ్టు మీద గీసిన సుద్దగీత

సభకు నమస్కారం. విశ్వకర్మ జయంతి నాడు గాజువాక ఆటోనగర్ కార్మికుల ముందు మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. వృత్తి నైపుణ్యం గురించి చెప్పమన్నారు. నేను ఒకే ఒక పని గురించి, ఇంటి పెరట్లో కట్టుకున్న రెండు సీట్ల స్పోర్ట్సు కారుకు గేర్‌బాక్సు, దాని నుంచి వెనుక ఇరుసుకు తిరుగుడును అందించే గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు మార్చిన పని గురించే చెబుతాను. ఆ పనిలో నన్ను గట్టెక్కించిన కంచరపాలెం టర్నరు గారిని ఈ ఊళ్లో ఏ వేదికా ఇంతవరకు తలుచుకోలేదు.

కారు చట్రాన్ని ఇనుప గొట్టాలతో నేనే వెల్డింగు చేశాను. ఇంజను పాత అంబాసిడర్‌ది, 1489 సి.సి. బి-సిరీస్. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్సు కారుకు మొదట పెట్టింది కూడా అదే కుటుంబానికి చెందిన 1489 సి.సి. ఇంజనే కనుక, ఎంపికలో నాకు సందేహం లేదు. లోటంతా గేర్లలోనే ఉండేది. నాలుగే గేర్లు కావడంతో వేగం అందుకున్నాక కూడా ఇంజను అరుస్తూనే ఉండేది. అందుకని ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ నుంచి అయిదు గేర్ల బాక్సు తెచ్చాను. ఇంజనుకు బిగించే దాని ముందు డొప్ప, అంటే బెల్ హౌసింగు బోల్టు రంధ్రాలు నా ఇంజనుతో కలవవు కనుక మధ్యలో ఒక ఉక్కు పలక కోయించాను. ఆ పలక రంధ్రం క్రాంక్ షాఫ్టు నడిమి గీతతో కలవకపోతే గేర్‌బాక్సు ముందు షాఫ్టు ముక్కు దగ్గరి బేరింగు త్వరగా అరిగిపోతుంది. సన్నని తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజీ పెట్టి చుట్టూ తిప్పి చూసి, తేడా పావు మిల్లీమీటరు లోపలికి వచ్చాకే పలక కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు దించాను. ఇదంతా ఓపికతో అయిపోయే పని.

కష్టం షాఫ్టుతో మొదలైంది. కొత్త బాక్సు పాతదానికంటే 70 మి.మీ. పొడవు కావడంతో షాఫ్టును అంత మేరా కుదించాలి. కుదించడం మంచిదే. గొట్టం పొడవు 10 శాతం తగ్గితే, అది విల్లులా వంగి కొట్టుకోవడం మొదలయ్యే వేగం దాదాపు 23 శాతం పెరుగుతుంది. నాకు ఆ వెసులుబాటు అవసరం కూడా, ఎందుకంటే అయిదో గేరులో గేర్‌బాక్సు ముందు షాఫ్టును పది చుట్లు తిప్పితే దాని వెనుక షాఫ్టు సుమారు పన్నెండు చుట్లు తిరిగింది. అంటే ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు 3600 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరులో కనపడని లోపం అయిదో గేరులో బయటపడడానికి కారణం ఇదే.

షాఫ్టును ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. కోసి, అతికి, రంగు వేసి ఇచ్చారు. ఒక మిత్రుడి ప్రాంగణంలోని పొడవాటి లోపలి దారిలో నడిపి చూస్తే, గంటకు 60 కిలోమీటర్లు దాటగానే సీటు కింద నుంచి గుండెల దాకా వణుకు పుట్టింది. తిరిగి వెళితే ‘షాఫ్టు బాగుంది, మీ గేర్‌బాక్సే పోయింది’ అన్నారు. నమ్మాను. బాక్సును రెండుసార్లు దించి, బేరింగులన్నీ మార్చాను. నాలుగు నెలలు పోయాయి, వణుకు పోలేదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఏ పాపమూ ఎరుగని గేర్‌బాక్సును రెండుసార్లు విప్పించిన ఆ ఒక్క మాటను నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

చివరికి ఆ టర్నరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన లేతు మీద ఓడల షాఫ్టులు చెక్కి రిటైరైన మనిషి. షాఫ్టును వీ ఆకారపు గాడి ఉన్న రెండు ఇనుప దిమ్మెల, అంటే వీ-బ్లాకుల మీద పడుకోబెట్టి, ఒక కొసన జాయింటును పట్టే కవ్వ లాంటి యోక్ చెవుల మీద రసమట్టం ఉంచి బుడగను మధ్యకు తెచ్చారు. అదే మట్టాన్ని రెండో కొసకు మార్చగానే బుడగ పక్కకు పరుగెత్తింది. ‘బావూ, దీని చెవులు చూసేవా?’ అన్నారు, అంతే.

ఇక్కడున్న వెల్డర్లందరూ ఈ ఒక్క మాట దయచేసి శ్రద్ధగా వినండి. షాఫ్టు కొసల్లో ఉండే, వంపులోనూ తిప్పగల క్రాసు జాయింటు వంగి తిరిగేటప్పుడు దాని అవతలి కొస వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ముందు జాయింటు పుట్టించిన ఆ ఒడిదుడుకును వెనుక జాయింటు సరిగ్గా ఎదురు తిప్పి చెరిపివేయాలంటే, షాఫ్టు రెండు కొసల యోక్ చెవులూ ఒకే వరుసలో ఉండాలి, రెండు జాయింట్ల వంపూ సమానంగా ఉండాలి. చెవులు తప్పితే ఎంత బ్యాలెన్సు చేయించినా వణుకు చావదు. ఆ వంపు అసలే లేకుండా చేయడం కూడా పొరపాటే, సూది బేరింగులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి. నా బాక్సు వెనక్కు మూడు డిగ్రీలు వాలి ఉంటే, షాఫ్టు వెళ్లి కలిసే వెనుక ఇరుసు పినియను ముక్కును కమానుకట్టల కింద ఏటవాలు చీలలు పెట్టి మూడు డిగ్రీలు పైకెత్తాము.

టర్నరు గారు అతుకు కోసి, మళ్లీ కలిపే ముందు, రెండు కొసల చెవులూ ఒకే వరుసకు వచ్చేలా గొట్టం పొడవునా సుద్దతో ఒక గీత గీశారు. ఆ గీత గీయడానికి అర నిమిషం పట్టింది. నా నాలుగు నెలలు ఆ అర నిమిషం లేకనే పోయాయి! మొదటిసారి కోసినవారు ఆ గీత గీసి ఉంటే నేను ఈ రోజు వేరే విషయం మాట్లాడేవాణ్ణి.

ఆయన ఇప్పుడు లేరు. ఆయన వీ-బ్లాకులను వారి కుటుంబం నాకు ఇచ్చింది. ఇవిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను, రసమట్టం కూడా ఉంది. సంఘం ఆఫీసులో ఉంచండి. షాఫ్టు కోసేవారు ఎవరైనా, ఏ షాపువారైనా, అడిగితే కాదనకుండా ఇవ్వండి. కారు బయట చెట్టు కింద ఉంది. సభ కాగానే రండి, ఆ గీత మీద రంగు వేయకుండా అలాగే ఉంచాను, కింద పడుకుని చూడవచ్చు.