తాపీ మేస్త్రీ నడిపిన క్వయర్

అందరికీ నమస్కారం. కచేరీ మొదలయ్యేలోపు మన తెలుగువాళ్లకి నాలుగు మాటలు చెప్పమన్నారు. మీలో చాలామంది మా ఆర్కెస్ట్రాని, క్వయర్‌ని, అంటే కలిసి పాడే బృందాన్ని, ఇవాళే మొదటిసారి వినబోతున్నారు. వీళ్లంతా పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కదా, పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతకర్త బాఖ్ రాసినలాంటి కష్టమైన సంగీతం జోలికి ఎందుకెళ్లడం, పేరున్న బృందాల రికార్డింగులు ఉన్నాయి కదా అని ఇందాక బయట ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. నా జవాబు ఏంటంటే, బాఖ్ రాసిన 'సెయింట్ మాథ్యూ పాషన్' ఇవాళ లోకమంతా పాడుకుంటోందంటే అందుకు కారణం పగలు వేరే పనులు చేసుకునేవాళ్లే.

పాషన్ అంటే యేసు పడ్డ శ్రమల కథని పాడి వినిపించే రచన. మత్తయి సువార్త 26, 27 అధ్యాయాల్లోని కథ ఇది. యేసుని పట్టుకోవడం, విచారణ, సిలువ, సమాధి. రెండు క్వయర్లు, రెండు ఆర్కెస్ట్రాలు, మొత్తం పాడితే దాదాపు మూడు గంటలు. 1727లో గుడ్ ఫ్రైడే నాడు జర్మనీలో లైప్‌జిగ్ ఊళ్లోని సెయింట్ థామస్ చర్చిలో మొదటిసారి పాడారని పండితుల అభిప్రాయం. 1750లో బాఖ్ పోయాడు. ఆ తర్వాత ఈ పాషన్ జనం చెవిన పడటం దాదాపు ఆగిపోయింది. రాతప్రతులు కొందరు శిష్యుల దగ్గర, సంగీతాభిమానుల దగ్గర ఉండిపోయాయి.

ఇక బెర్లిన్‌కి వద్దాం. 1791లో ఫాష్ అనే సంగీతకారుడు అక్కడ 'జింగ్ అకాడెమీ' మొదలుపెట్టాడు. పాటంటే ఇష్టమున్న మామూలు పట్టణవాసులు, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి, ప్రతివారం కూడి పాత సంగీతం పాడుకునే బృందం. ఫాష్ తర్వాత దాన్ని నడిపినాయన పేరు జెల్టర్, ఆయన వృత్తిరీత్యా తాపీ మేస్త్రీ! ఇళ్లు కట్టించే మనిషి. ఈ సంగతి నాకెంత ఇష్టమో చెప్పలేను. ఆ జెల్టర్ శిష్యుడే, తర్వాత పెద్ద సంగీతకర్తగా పేరు తెచ్చుకున్న ఫెలిక్స్ మెండెల్‌సన్. ఆ అబ్బాయికి అమ్మమ్మ ఈ పాషన్ రాతప్రతికి నకలు చేయించి ఇచ్చింది. 1829లో, దాదాపు ఇరవై ఏళ్ల వయసులో, అతనూ ఎడ్వార్డ్ డెవ్రియెంట్ అనే గాయక మిత్రుడూ వెళ్లి దీన్ని పాడిద్దామని గురువుగారిని అడిగారు. ఆయన ముందు ఒప్పుకోలేదు. ఇంత కష్టమైనది కుదరదన్నాడు. వీళ్లు వదల్లేదు, చివరికి సరేనన్నాడు.

మార్చి 11న పాడారు. క్వయర్‌లో నూటయాభైకి పైగా గొంతులు. ఆర్కెస్ట్రాలో ఎక్కువమంది ఔత్సాహికులే, కొన్ని ముఖ్యమైన స్థానాల్లో మాత్రం రాజాస్థాన వాద్యకారులు కూర్చున్నారు. మా దగ్గర ఇప్పటికీ పద్ధతి అదే. వయొలిన్లు మాలోనే ఎక్కువమంది వాయిస్తారు, వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు ఎప్పుడూ తక్కువే, బసూన్ అనే పెద్ద ఊదే వాద్యానికి బయటి నుంచి మనిషిని పిలవాల్సి వస్తుంది, సోలోలకి వృత్తి గాయకులు వస్తారు. ఇంకోటి, ఆ రోజు మెండెల్‌సన్ మొత్తం పాడించలేదు, చాలా సోలో పాటలు తీసేశాడు. మేం కూడా ఇవాళ కొన్ని భాగాలే పాడుతున్నాం, అందుకే ధైర్యంగా చెప్తున్నా. హాలు నిండిపోయి చాలామంది వెనక్కి వెళ్లాల్సి వచ్చింది, పదిరోజులకే మళ్లీ పాడారు, ఆ తర్వాత మిగతా ఊళ్లు అందుకున్నాయి. బాఖ్ మళ్లీ జనంలోకి రావడానికి అది పెద్ద మలుపు.

ఇప్పుడు మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధనకి వందలమంది కూర్చుని పంచరత్నాలు పాడతారు కదా, అక్కడ అందరిదీ ఒకటే వరస. ఇక్కడ ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో, మగవాళ్లలో పై గొంతు టెనర్, కింది గొంతు బాస్, నలుగురివీ నాలుగు వరసలు. గుంటూరులోనో సికింద్రాబాద్‌లోనో చర్చి క్వయర్‌లో ఆల్టో పాడినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి తెలుసు, పక్కన సొప్రానోల పాట హాయిగా పోతుంటే దానివైపు జారిపోకుండా మన వరస పట్టుకోవడం ఎంత కష్టమో. పొడుగు స్వరాల దగ్గర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు, పక్కవాళ్లు పాడుతుండగా ఒకరూ, ఆ తర్వాత ఇంకొకరూ తీసుకోవాలి. నెలల తరబడి పియానోతో సాధన చేసి, చివరి వారాల్లో ఆర్కెస్ట్రాతో కలిసేసరికి అంతా కొత్తగా ఉంటుంది, ఎక్కడ అందుకోవాలో చెప్పే పియానో స్వరం ఇప్పుడు ఏ ఓబో అనే ఊదే వాద్యంలోనో వినిపిస్తుంది, వెనక నిలబడ్డ మాకు ముందు వరస వయొలిన్లు కాస్త ఆలస్యంగా చేరతాయి, కాబట్టి చెవిని కాదు, ముందు నిలబడి చేత్తో అందర్నీ నడిపించే కండక్టర్‌ని నమ్మాలి. టెన్షన్ మామూలుగా ఉండదు.

అయినా ఈ పాషన్‌ని జనమే పాడాలని నేననుకోవడానికి అసలు కారణం ఇందులోనే ఉంది. మీలో ఒకడు నన్ను పట్టిస్తాడని యేసు శిష్యులతో అంటాడు. అప్పుడు క్వయర్ తొట్రుపడుతూ "ప్రభూ, నేనా?" అని అడుగుతుంది. లెక్కపెట్టండి, "ప్రభూ" అన్న మాట పదకొండుసార్లు వస్తుంది. శిష్యులు పన్నెండుమంది, పట్టించబోయే యూదా అడగలేదు, వాడు తర్వాత విడిగా అడుగుతాడు. యేసు ఇంకా జవాబు చెప్పకముందే కథ ఆగుతుంది. రెండు క్వయర్లూ కలిసి, ఆనాటి చర్చిలో అందరికీ తెలిసిన కీర్తన వరసలో, "నేనే, శిక్ష పడాల్సింది నాకే" అని పాడతాయి. ఒక్క సోలో గాయకుడు పాడితే అది అతని సొంత బాధ. ఊళ్లోని టీచరూ, నర్సూ, రిటైరైన బస్ డ్రైవరూ కలిసి పాడితే తప్పు అందరిదీ అవుతుంది. తర్వాత రోమన్ గవర్నర్ పిలాతు ఎవర్ని విడిచిపెట్టమంటారని అడిగినప్పుడు, యేసుని కాదని "బరబ్బా!" అని ఇంకో ఖైదీ పేరు ఒక్క అరుపు అరిచే గుంపూ మేమే. పాపం చేసేదీ ఏడ్చేదీ అవే గొంతులు. ఈ రెండుచోట్లా మాత్రం ఫోన్ పక్కన పెట్టి వినండి, చాలు.

మాకు టెనర్లు చాలట్లేదు. స్వరలిపి చదవడం రాకపోయినా పర్లేదు, విని పట్టుకోగలిగితే మిగతాది సాధనలో వచ్చేస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్లు విరామంలో ఎడమవైపు తలుపు దగ్గరికి రండి, నేనక్కడే ఉంటాను.